బిడ్డకు తగిన బడి అడగడానికి సిగ్గెందుకు?

ఫ్రీమాంట్‌లో ఉదయం ఎనిమిది దాటితే హైస్కూళ్ల ముందు కార్లు బారులు తీరతాయి. అదే వేళకు మన తెలుగు ఇళ్లలో కొన్నింట ఒక గది తలుపు తెరుచుకోదు. మొదటి రోజు కడుపునొప్పి. రెండో రోజు తలనొప్పి. డాక్టరు పరీక్షలన్నీ చేసి ఒంట్లో ఏమీ లేదంటారు. మూడో రోజు తల్లి బడికి ఫోన్ చేసి జ్వరమని చెబుతుంది. మరుసటి వారమూ అదే జ్వరం. విజయవాడ నుంచి అమ్మమ్మ వీడియో కాల్ చేస్తే ‘వాడు చదువుకుంటున్నాడమ్మా, తర్వాత మాట్లాడిస్తా’ అంటుంది. గుడిలో కలిసిన స్నేహితులకు ‘ఏదో ప్రాజెక్టు పనిలో ఉన్నాడు’ అని తండ్రి సర్దిచెబుతాడు. చూస్తుండగానే ఒక సెమిస్టరు గడిచిపోతుంది. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి బయట ఒక్కరికీ తెలియదు.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. ఆ జ్వరం అబద్ధం తల్లిదండ్రుల ప్రేమలోంచి, భయంలోంచి పుట్టిందే. వారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అయితే ఆ అబద్ధానికి మూల్యం చెల్లిస్తున్నది మాత్రం గదిలో ఉన్న బిడ్డ. ఆందోళన, కుంగుబాటు వంటి మానసిక ఇబ్బందులున్న పిల్లలకు వారి స్థితికి తగినట్టు చదువు చెప్పించుకునే హక్కును ఈ దేశ చట్టం ఇచ్చింది. ఆ హక్కు అందుకోవాలంటే ముందు నిజం చెప్పాలి. నిజం చెప్పిన తల్లిదండ్రులు తల దించుకోవాల్సిన పరిస్థితి మన సమాజంలో ఉండకూడదు. మేము చెప్పదలచింది ఇదే.

సమస్య ఎంత పెద్దదో లెక్కలే చెబుతున్నాయి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ హైస్కూలు విద్యార్థులపై రెండేళ్లకోసారి సర్వే చేస్తుంది. ఎడతెగని విచారం, నిరాశ అనుభవించామని 2021లో 42 శాతం మంది, 2023లో 40 శాతం మంది చెప్పారు. 2023లో అమ్మాయిల్లో ఇది 53 శాతం. 2021 డిసెంబరులో నాటి సర్జన్ జనరల్ డాక్టర్ వివేక్ మూర్తి యువత మానసిక ఆరోగ్యంపై దేశానికి ప్రత్యేక హెచ్చరిక జారీ చేశారు. మన ఊరి నుంచి డంబార్టన్ వంతెన దాటితే వచ్చే పాలో ఆల్టోలో 2009లోను, మళ్లీ 2014-15లోను విద్యార్థుల ఆత్మహత్యలు వరుసగా జరిగాయి. కారణాలు అధ్యయనం చేయడానికి 2016లో సీడీసీ బృందమే అక్కడికి రావాల్సి వచ్చింది. మంచి స్కూళ్లు, మంచి జీతాలు, చదువుకున్న తల్లిదండ్రులు ఉన్న ఊరది. ఆ వర్ణన ఫ్రీమాంట్‌కూ సరిపోతుంది.

ఇక్కడ స్థిరపడిన మన కుటుంబాల్లో చాలామంది స్కూలును చూసే ఇల్లు కొన్నారు. ఫలానా హైస్కూలు పరిధిలోకి రావడం కోసం లక్షల డాలర్లు ఎక్కువ పెట్టినవారున్నారు. అలాంటి ఇంట్లో పిల్లాడు ఆ స్కూలుకే వెళ్లలేనంటే పెద్దలకు కాళ్లకింద నేల కదిలినట్టవుతుంది. అలాగని చదువు ఒత్తిడి ఒక్కటే కారణమనడమూ సరికాదు. తోటివారి వేధింపులు, నిద్రలేమి, కుటుంబంలో ఎవరినో కోల్పోయిన దుఃఖం, వంశంలో ఉన్న జబ్బు, 21 ఏళ్లు నిండితే హెచ్-4 వీసా పోతుందన్న బెంగ... ఒక్కో బిడ్డది ఒక్కో కథ. అందుకే అందరికీ ఒకే మందు పనికిరాదు. ఒకే రకం బడీ పనికిరాదు.

ముందుగా హాజరు సంగతి. కాలిఫోర్నియాలో సరైన కారణం లేకుండా ఒక విద్యా సంవత్సరంలో మూడు రోజులు బడి మానినా, మూడుసార్లు అరగంటకు మించి ఆలస్యంగా వెళ్లినా విద్యార్థిని ‘ట్రూయంట్’గా లెక్కిస్తారు. ఇంటికి హెచ్చరిక ఉత్తరాలు మొదలవుతాయి. అయితే 2021లో ఆమోదం పొందిన ఎస్‌బీ 14 చట్టం మానసిక ఆరోగ్య కారణాలతో బడి మానడాన్ని కూడా అనారోగ్య సెలవుగానే గుర్తించింది. అంటే బిడ్డ మనసు బాగాలేదని చెప్పడానికి తల్లిదండ్రులు జ్వరాన్ని అడ్డం పెట్టుకోవాల్సిన పనిలేదు. పైగా జ్వరమని చెప్పినన్నాళ్లూ స్కూలుకు అసలు సమస్య తెలియదు. తెలియని సమస్యకు సాయం చేయమని ఎవరినీ అడగలేం.

సాయానికి రెండు దారులున్నాయి. మొదటిది 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షను. మానసిక అనారోగ్యం చదువుకు, దైనందిన జీవితానికి గట్టిగా అడ్డుపడుతుంటే స్కూలు తగిన వెసులుబాట్లు కల్పించాలని అది చెబుతోంది. పరీక్షకు అదనపు సమయం, విడి గది, భయం ముంచుకొచ్చినప్పుడు క్లాసులోంచి కౌన్సెలర్ దగ్గరకు వెళ్లే అనుమతి, హోంవర్కు తగ్గింపు వంటివి ఈ కోవలోకి వస్తాయి. రెండోది ఐడియా చట్టం. 1975లో వచ్చిన చట్టానికి 1990లో ఈ పేరు పెట్టారు. బిడ్డకు ప్రత్యేక బోధన, సేవలు అవసరమైతే దీని కింద ఐఈపీ, అంటే ఆ ఒక్క బిడ్డ కోసమే రాసిన విద్యా ప్రణాళిక తయారవుతుంది. ఈ చట్టం గుర్తించిన 13 విభాగాల్లో మానసిక, భావోద్వేగ సమస్యలకూ ఒక విభాగం ఉంది. చాలాకాలంగా వదలని కుంగుబాటుతో పాటు, బడి భయాల వల్ల ఒంట్లో నొప్పులు రావడం కూడా దాని నిర్వచనంలో కనిపిస్తుంది. డాక్టరుకు అంతుచిక్కని ఆ కడుపునొప్పి గురించి చట్టం ఎప్పుడో ఆలోచించిందన్నమాట.

‘మావాడికి అన్నీ ఏ గ్రేడులే, వాడికెందుకివ్వన్నీ?’ అనేది మన ఇళ్లలో తరచూ వినిపించే మాట. కొన్నిసార్లు స్కూలు నుంచీ ఇదే మాట వస్తుంది. కానీ పై తరగతికి వెళుతున్నంత మాత్రాన, పరీక్ష తప్పనంత మాత్రాన సాయానికి అనర్హులని చట్టం చెప్పడం లేదు. రాత్రి మూడింటి దాకా ఏడుస్తూ రాసిన అసైన్‌మెంటుకు వచ్చిన ఏ గ్రేడు ఆ బిడ్డ ఎలా ఉన్నాడో చెప్పదు. సాయం నామమాత్రంగా ఉంటే చాలదని కూడా 2017లో ఎండ్రూ ఎఫ్. కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. ఆ బిడ్డ పరిస్థితిని బట్టి తగినంత పురోగతి సాధించేలా ప్రణాళిక ఉండాలని చెప్పింది.

అడిగే పద్ధతి ముఖ్యం. క్లాసు గుమ్మం దగ్గర టీచరుతో నాలుగు మాటలు చెప్పి వస్తే గడువులు మొదలుకావు. ‘మా బిడ్డకు స్పెషల్ ఎడ్యుకేషన్ కింద పరీక్షలు జరిపించండి’ అని రాతపూర్వకంగా అడగాలి. ఈమెయిల్ అయినా చాలు, తేదీతో దాచుకోవాలి. అది అందిన 15 రోజుల్లో స్కూల్ డిస్ట్రిక్ట్ ఏయే పరీక్షలు చేస్తుందో ప్రణాళిక పంపాలి. మీరు సంతకం చేసి ఇచ్చాక 60 రోజుల్లో పరీక్షలు ముగించి సమావేశం జరపాలి. ఐదు రోజులకు మించిన సెలవులు మధ్యలో వస్తే ఆ రోజులు లెక్కలోకి రావు. ఆ సమావేశంలో తల్లిదండ్రులు అతిథులు కారు, నిర్ణయించే బృందంలో సభ్యులు. కావాలంటే దుబాసీని కోరవచ్చు. మనకు ఇంగ్లీషు రాకేమీ కాదు. కానీ ఆఫీసు మీటింగులో మాట్లాడే ఇంగ్లీషు వేరు, కన్నబిడ్డ బాధ చెప్పుకునే భాష వేరు. ఆ గదిలో గొంతు పూడుకుపోతే తెలుగులో చెప్పుకోవడం తప్పు కాదు.

ఇక ప్రణాళికలో ఏముండవచ్చు? బడికి దూరమైన బిడ్డను ఒక్కసారిగా ఏడు పీరియడ్లలో కూర్చోబెట్టడం సాధ్యం కాదు. మొదట రోజుకు ఒక పీరియడు, ఇష్టమైన టీచరుతో. తర్వాత రెండు. మధ్యలో నమ్మకమున్న పెద్దమనిషి ఒకరు. కాలిఫోర్నియాలో ఏబీ 114 వచ్చిన 2011 నుంచి, చదువుకు అవసరమైన మానసిక ఆరోగ్య సేవలు అందించే బాధ్యత కౌంటీల నుంచి స్కూల్ డిస్ట్రిక్టులకు మారింది. అంటే ఐఈపీలో కౌన్సెలింగ్ రాసి ఉంటే దాని ఖర్చు కుటుంబానిది కాదు. అనారోగ్యంతో కొంతకాలం ఇంట్లోనో ఆసుపత్రిలోనో ఉండాల్సి వస్తే అక్కడికే చదువు తెచ్చే ఏర్పాటూ ఉంది.

మామూలు హైస్కూలు అసలే కుదరకపోతే ప్రత్యామ్నాయాలున్నాయి. మన ఫ్రీమాంట్‌లోనే టీచరును వారంలో కొన్నిసార్లు కలుస్తూ మిగతా చదువు ఇంటి దగ్గర సాగించే పద్ధతికి సర్కిల్ ఆఫ్ ఇండిపెండెంట్ లెర్నింగ్ చార్టర్ స్కూలు ఉంది. 16 ఏళ్లు దాటి క్రెడిట్లలో వెనకబడినవారికి రాబర్ట్‌సన్ హైస్కూలు వంటి కంటిన్యుయేషన్ స్కూళ్లున్నాయి. ఇలాంటి స్కూళ్లలో రాష్ట్ర నిబంధన ప్రకారం వారానికి కనీసం 15 గంటల హాజరు సరిపోతుంది. కాబట్టి పిల్లలకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ఇంకా తీవ్రమైన అవసరముంటే రాష్ట్ర విద్యాశాఖ గుర్తింపు పొందిన నాన్‌పబ్లిక్ స్కూళ్లున్నాయి. వాటిలో చిన్న తరగతులు, చికిత్స, చదువు కలిసే ఉంటాయి. ఐఈపీ బృందమే అక్కడికి పంపితే ఫీజు డిస్ట్రిక్ట్ కట్టాలి.

జాగ్రత్తలూ చెప్పాలి. ఇంట్లో కూర్చుని చదవడం కొందరు పిల్లలకు ప్రాణం పోస్తుంది. మరికొందరికి అదే గది, అదే లాప్‌టాప్, అదే ఒంటరితనం మరింత కమ్ముకుంటాయి. బడి భయం ఉన్న బిడ్డకు బడి తప్పించుకున్న కొద్దీ భయం పెరగడమూ ఉంది. చికిత్స చేస్తున్న నిపుణులను అడగకుండా ఈ నిర్ణయం తీసుకోకూడదు. విసిగిపోయి సొంతంగా ఖరీదైన ప్రైవేటు స్కూల్లో చేర్పించేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ ఖర్చు డిస్ట్రిక్ట్ నుంచి తర్వాత అడగాలంటే, ఐఈపీ సమావేశంలోనైనా ఆ సంగతి చెప్పి ఉండాలి, లేదా మాన్పించడానికి 10 పనిదినాల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. లేకపోతే ఆ సొమ్ము తగ్గించవచ్చు, మొత్తంగా నిరాకరించనూవచ్చు. ఎక్కడో దూర రాష్ట్రంలో పిల్లల్ని ‘దారిలో పెడతాం’ అనే రెసిడెన్షియల్ సంస్థల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అలాంటిచోట్ల పిల్లలపై వేధింపులను అరికట్టడానికి 2024 డిసెంబరులో ప్రత్యేకంగా ఫెడరల్ చట్టమే చేయాల్సి వచ్చింది.

మన దగ్గర మరో అలవాటుంది. ‘ఇండియా పంపించేయండి, హాస్టల్లో పడేస్తే వాడే దారికొస్తాడు’ అని బంధువులు సలహా ఇస్తారు. కుంగుబాటులో ఉన్న బిడ్డను స్నేహితుల నుంచి, డాక్టరు నుంచి, సొంత గది నుంచి పెకిలించి, తెల్లవారుజామునే స్టడీ అవర్లు మొదలయ్యే రెసిడెన్షియల్ కాలేజీలో వేయడం మందు కాదు. ఆ కాలేజీల్లో మన రెండు రాష్ట్రాల పిల్లలు పడుతున్న ఒత్తిడి, ఏటా ఇంటర్ ఫలితాల వేళ వచ్చే వార్తలు మనకు తెలియనివా?

అసలు చిక్కు ‘ఆల్టర్నేటివ్’ అన్న మాట దగ్గరుంది. ఆ పేరు వినగానే చదువు రానివాళ్ల బడి అనుకుంటాం. మరి దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఎక్కడ పుట్టింది? 1982లో హైదరాబాద్‌లో. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. రోజూ కాలేజీకి వెళ్లలేనివారి కోసం చదువే వారి దగ్గరకు వెళ్లాలన్న ఆలోచనకు మన గడ్డ మీద అంత చరిత్ర ఉంది. తెలుగులో ‘రైలుబడి’గా చాలామంది చదివిన జపాన్ పుస్తకం సంగతీ అంతే. మొదటి బడి వద్దని పంపేసిన అల్లరిపిల్ల, రైలుపెట్టెల్లో నడిచిన చిన్న బడిలో వికసించి, జపాన్ టీవీలో ప్రసిద్ధ వ్యాఖ్యాత అయింది, యూనిసెఫ్ రాయబారి అయింది. ఆ పుస్తకం మెచ్చుకుని పిల్లలకు కొనిపెట్టిన మనమే, అలాంటి బడి మన బిడ్డకు కావాల్సివస్తే మొహం చాటేస్తున్నాం.

కాలేజీ గురించిన బెంగ సహజం. కాలిఫోర్నియాలో ముందు తలుపు ఒక్కటే లేదు. 18 ఏళ్లు నిండినవారు ఓలోని వంటి కమ్యూనిటీ కాలేజీలో చేరి, నిదానంగా రెండు మూడేళ్లు చదివి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు మారవచ్చు. నిర్ణీత గ్రేడ్లు, కోర్సులు పూర్తిచేస్తే డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రజ్ క్యాంపస్‌లు ముందే ప్రవేశ హామీ ఇస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియాగోలకు ఈ హామీ లేదు గానీ, అక్కడా కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులను తీసుకుంటారు. ఏడాది ఆలస్యమైతే ఆలస్యమే. బిడ్డ క్షేమంగా ఉంటే ఆ ఏడాది మళ్లీ సంపాదించుకోవచ్చు.

‘రికార్డులో పడుతుందేమో’ అన్నది మరో భయం. విద్యార్థి రికార్డులను కాపాడటానికి 1974 నుంచి ఫెర్పా చట్టం ఉంది. కొన్ని మినహాయింపులు తప్ప, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా వాటిని బయటివారికి ఇవ్వకూడదు. కాలేజీలకు దరఖాస్తుతో పాటు ఐఈపీని జతచేసి పంపే పద్ధతి లేదు. మీది హెచ్-1బీ అయినా, గ్రీన్‌కార్డయినా, మరేదైనా పబ్లిక్ స్కూల్లోని బిడ్డకు ఈ హక్కులు వర్తిస్తాయి. ముద్ర పడిపోతుందన్న ఆందోళనను మాత్రం తేలిగ్గా తీసిపారేయలేం. ఆ విభాగాల పేర్లే కొన్ని గుచ్చుకునేలా ఉంటాయి. కానీ మీ సంతకం లేనిదే సేవలు మొదలుకావు. ఏడాదికోసారి ప్రణాళికను సమీక్షించాలి. అవసరం తీరాక బయటకు రావచ్చు.

వ్యవస్థ సవ్యంగా ఉందని మేము అనడం లేదు. గడువులు దాటిపోతాయి, కౌన్సెలర్లు చాలరు, గట్టిగా అడిగినవారికే ముందుగా అందుతుంది. డిస్ట్రిక్ట్ కాదంటే అక్కడితో ఆగనక్కర్లేదు. రాష్ట్ర విద్యాశాఖకు ఫిర్యాదు చేయవచ్చు, విచారణ కోరవచ్చు. ఫ్రీమాంట్, న్యూవార్క్, న్యూ హేవెన్ డిస్ట్రిక్టులు మూడూ కలిసి మిషన్ వ్యాలీ సెల్పా పేరిట ప్రత్యేక విద్యను సమన్వయం చేసుకుంటాయి. అక్కడా అడగవచ్చు. బర్క్‌లీలోని డిసేబిలిటీ రైట్స్ ఎడ్యుకేషన్ అండ్ డిఫెన్స్ ఫండ్ తల్లిదండ్రులకు ఈ విషయాల్లో శిక్షణ, సలహా ఇస్తుంది.

ఇక మన సంఘాలు. ఎవరైనా ఆపదలో పోతే భౌతికకాయాన్ని ఊరికి చేర్చడానికి తెలుగు సంఘాలు రాత్రికి రాత్రి కదులుతాయి. ఆ శక్తిలో కొంత బతికున్న పిల్లల కోసం పెట్టాలి. నెలకోసారి ఒక గది, తలుపు వేసి, పేర్లు బయటకు పోకుండా తల్లిదండ్రులు తెలుగులో మాట్లాడుకునే చోటు కావాలి. ఈ దారి ఇప్పటికే నడిచిన కుటుంబం ఒకటి కొత్త కుటుంబం వెంట ఐఈపీ సమావేశానికి వెళ్లగలిగితే ఎంతో ధైర్యం. తెలుగు మాట్లాడే మానసిక నిపుణుల జాబితా ఒకటి కావాలి. సంబరాల వేదికపై స్పెల్లింగ్ బీ విజేతలకు, ఐవీ లీగ్ సీట్లు తెచ్చుకున్నవారికి సన్మానం చేయడం మానమని అనం. అదే వేదిక మీద, తమంతట తాము చెప్పడానికి సిద్ధపడితే, రెండేళ్లు బడికి దూరమై మళ్లీ చదువందుకున్న యువతీయువకుల మాటా వినిపించాలి. స్కూల్ బోర్డు సమావేశాల్లో అడ్వాన్స్‌డ్ క్లాసుల కోసం ఎంత గట్టిగా మాట్లాడగలమో, కౌన్సెలర్ల సంఖ్య గురించీ అంత గట్టిగా మాట్లాడాలి.

పిల్లలు చనిపోవాలని ఉందన్నా, ఆ ఛాయలు కనిపించినా సమావేశాలు, గడువుల కోసం ఆగకూడదు. 988కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పంపవచ్చు. ఫోన్‌లో దుబాసీ సాయమూ అడగవచ్చు. ప్రాణాపాయం ముంచుకొస్తే 911. 13 నుంచి 25 ఏళ్ల యువతకు కాలిఫోర్నియా ప్రభుత్వం 2024 నుంచి సొలూనా అనే యాప్ ద్వారా ఉచితంగా కోచింగ్ సాయం ఇస్తోంది.

ఈ పేజీ చదువుతున్నవారిలో రేపు ఉదయం బడికి ఫోన్ చేయాల్సిన తల్లో తండ్రో ఉండవచ్చు. రేపు జ్వరమని చెప్పకండి. ‘మా బిడ్డ మనసు బాగాలేదు, బడికి రాలేకపోతున్నాడు, మాట్లాడాలి’ అని చెప్పండి. ఆ సాయంత్రమే రెండు వాక్యాల ఈమెయిల్ రాసి పంపండి. తర్వాత ఆ గది తలుపు దగ్గరకు వెళ్లి, ‘బడికి నిజమే చెప్పాం నాన్నా, నీకు కుదిరే దారి కలిసి వెతుకుదాం’ అని బిడ్డకూ చెప్పండి.